క్రిస్మస్ దానము – క్రిస్మస్ ఆతిథ్యము: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రస్తావన

డిసెంబరు మాసము ప్రవేశించగానే మన సంఘములలో రెండు కార్యక్రమములు జంటగా జరుగుచుండుట అందరును ఎరిగినదే. ఒకటి సెమీ క్రిస్మస్. రెండవది వృద్ధులకు, విధవరాండ్రకు దుప్పట్లు, చీరలు, బియ్యము పంచుట. ప్రభుత్వములును ఈ మార్గమున నడిచినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2014–19 నాటి ప్రభుత్వము చంద్రన్న క్రిస్మస్ కానుక పేరిట సరకులు ఇచ్చెను. తెలంగాణలో 2014లో రాష్ట్రము ఏర్పడిన తరువాత పేద క్రైస్తవులకు బట్టలు, విందు ఏర్పాటు చేయబడినవి. కావున క్రిస్మస్ దానము నేడు ఒక స్థిరపడిన ఆచారము. స్థిరపడిన ఆచారమును వాక్యపు వెలుగులో పరీక్షించుట కాపరుల బాధ్యత. ఈ వ్యాసము దానమును ఆక్షేపించుటకు వ్రాసినది కాదు. మనము చేయు దానము క్రిస్మస్ అర్థమును ప్రకటించుచున్నదా, లేక మరుగుపరచుచున్నదా అని అడుగుటకే ఈ ప్రయత్నము.

2. పాములపాడులో గమనించినది

నంద్యాల జిల్లా పాములపాడులో ఒక దాతల బృందము ఏర్పాటు చేసిన దుప్పట్ల పంపిణీలో నేను స్వచ్ఛంద సేవకునిగా పాల్గొంటిని. టోకెన్లు వ్రాయుట, వరుసను సరిచూచుట నా పని. ఉదయము పది గంటలకని చెప్పిన కార్యక్రమము ముఖ్య అతిథి రాకకై మధ్యాహ్నము వరకు ఆగెను. అది ప్రత్తి తీతల కాలము. వరుసలోని స్త్రీలలో పెక్కుమంది కూలి మానుకొని వచ్చినవారు. ఒక దుప్పటి కొరకు ఒక దినపు కూలి పోయిన యెడల ఆ దుప్పటి వెలలో కొంత వారే చెల్లించినట్లు కాదా? వేదిక వెనుక ఫ్లెక్సీ మీద దాతల ముఖములు పెద్దవిగాను, పశువుల తొట్టి చిత్రము ఒక మూలన చిన్నదిగాను ఉండెను. దుప్పటి అందుకొను ప్రతివారిని ఫోటో కొరకు తలయెత్తమని అడిగిరి.

ఒక వృద్ధురాలు దుప్పటి తీసికొని వెళ్లిపోక నా బల్లయొద్ద నిలిచి, “అయ్యగారూ, ఊరకే తీసుకుంటే ఎట్లా? ఈడ ఊడ్చేదో, వంట కాడ నీళ్లు పోసేదో ఏదన్నా పని చెప్పండి” అనెను. చెప్పుటకు ఆమెకు తగిన పని ఏదియు అక్కడ లేదు. అన్ని పనులకు మనుష్యులు ముందే నియమింపబడిరి. ఆ ఏర్పాటులో ఆమెకున్న స్థానము పుచ్చుకొనుట మాత్రమే. ఇది ఒక ఊరి లోపము కాదు. మన పంపిణీలలో అధిక భాగము ఈ పద్ధతిలోనే నడచుచున్నవి. ఆమె అడిగినది మర్యాద మాట మాత్రమే కాదు, వేదాంత ప్రశ్న కూడ.

3. సత్రమా, విడిది గదియా?

క్రిస్మస్ దానమును ప్రోత్సహించు ప్రసంగములలో తరచుగా వినబడు పాత్ర సత్రపు యజమాని. అతడు తలుపు మూసెను, మీరు మూయకుడి అని బోధింతుము. అయితే లూకా సువార్తలో అట్టి మనుష్యుడు ఎక్కడను లేడు. లూకా 2:7లో మన తెలుగు బైబిలు ‘సత్రము’ అని అనువదించిన గ్రీకు మాట కటలూమ. అదే మాట లూకా 22:11లో వచ్చినప్పుడు మన బైబిలు ‘విడిది గది’ అనుచున్నది. మంచి సమరయుని ఉపమానములో డబ్బు తీసికొని బస ఇచ్చు స్థలమును చెప్పవలసి వచ్చినప్పుడు లూకా వాడినది పండొకేయోన్ అను వేరొక మాట (10:34). రెండు మాటలకు గల భేదము ఎరిగిన రచయిత 2:7లో కటలూమ అనెనంటే, అది ఒక ఇంటి అతిథి గదియై యుండుట సంభవము. కెన్నెత్ బెయిలీ మొదలగు పండితులు ఈ అర్థమునే సమర్థించిరి. పాలస్తీనా పల్లె ఇండ్లలో పశువుల చోటు ఇంటిలోనే ఒక ప్రక్క, కొంచెము పల్లమున ఉండెడిది. మన రాయలసీమ పాత మట్టిమిద్దెలలో ఎద్దులను ఇంటిలోనే కట్టి, గాడి ప్రక్కనే సంసారము చేసిన కుటుంబములను ఎరిగినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు.

ఈ వ్యాఖ్యానమును అంగీకరించిన యెడల కథ యొక్క దిశ మారును. బేత్లెహేములో జరిగినది తిరస్కారము కాదు, ఇరుకు ఇంటి ఆతిథ్యము. అతిథి గది నిండియుండగా ఒక సామాన్య కుటుంబము తాము బ్రదుకు చోటనే ఆ తల్లికి స్థలమిచ్చెను. దేవుని కుమారుడు ఈ లోకమునకు వచ్చి మొదట చేసినది ఇచ్చుట కాదు. తల్లిపాలు, పొత్తిగుడ్డలు, ఒకరి ఇంటిలో కొంత చోటు పుచ్చుకొనుట. మరియ, యోసేపులు దేవాలయములో అర్పించినది కూడ బీదలకు నియమింపబడిన పక్షుల అర్పణమే (లూకా 2:24, లేవీ 12:8). బీదవారై యుండియు వారు అర్పించిరి. కావున క్రిస్మస్‌లో బీదలు మొదట ఆతిథ్యమిచ్చువారు, అర్పించువారు. వారిని కేవలము పుచ్చుకొనువారిగా నిలువబెట్టు పంపిణీ లూకా చెప్పిన కథను తలక్రిందులు చేయుచున్నది.

4. మన చరిత్ర నేర్పు పాఠము

1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. అన్నము కొరకు విశ్వాసము ఒప్పుకొనకూడదని, సహాయ కార్యము జరుగుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసెను. అది ముగిసిన తరువాత, 1878 జూలై 3న, మన నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ నదిలోనే ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ కరవుకాలమున పనికి ఆహారముగా దేవాలయ నిర్మాణము సాగించెను. ఆ దేవాలయము 1924లో క్రిస్మస్ దినముననే ప్రతిష్ఠింపబడెను. డోర్నకల్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య పేద సంఘములకు దాతృత్వమును బోధించెను. వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రక్కన పెట్టు స్త్రీలు ఆ బోధకు జీవమిచ్చిరి.

ఈ పద్ధతులలో లోపములు లేవని కాదు. కరవు కూలి బరువైన పని. మిషనరీకి, కూలివానికి మధ్య అధికార భేదము మిక్కుటము. అయినను వాటిలో ఒక సామాన్య సూత్రము కలదు: పుచ్చుకొనువాని చేతులకు కూడ పని ఉండెను.

5. రెండు అభ్యంతరములు

మొదటిది: చలికి వణకువానికి వేదాంతము ఎందుకు, దుప్పటి కావలెను గదా? నిజమే. యాకోబు 2:15–16 మనలను వదలదు. 4వ శతాబ్దములో క్రైస్తవ విరోధియైన జూలియన్ చక్రవర్తి సహితము, గలిలయులు తమ బీదలనే గాక అన్యుల బీదలను కూడ పోషించుచున్నారని తన పూజారికి వ్రాసి సిగ్గుపరచెను. దుప్పటి ఇయ్యవలసినదే. ప్రశ్న ఇచ్చు విధమును గూర్చినది.

రెండవది: పేరు, ఫోటో లేనియెడల దాతలు ముందుకు రారు. దీనికి ప్రభువు జవాబు ముందే ఇచ్చియున్నాడు. ఉపకారులని పిలిపించుకొనుట అన్యరాజుల పద్ధతియని, శిష్యులలో అది తగదని లూకా 22:25–26 బోధించుచున్నది. ఫోటో లేక ఆగిపోవు దానము ఆగిపోవుట వలన సంఘమునకు నష్టము తక్కువ.

6. ముగింపు – కొన్ని సూచనలు

పంపిణీ వేళను అతిథి సౌకర్యమును బట్టి గాక కూలివారి దినమును బట్టి నిర్ణయించవలెను. సాయంకాలము ఇండ్లకు వెళ్లి ఇచ్చుట మేలు. ఎవరికి అవసరమో నిర్ణయించు కమిటీలో విధవరాండ్రు, వ్యవసాయ కూలీలు సభ్యులై యుండవలెను. వండుట, వడ్డించుట, ప్రార్థించుట, లేఖనము చదువుట వారి చేతికి కూడ అప్పగింపవలెను. ఇతర మతస్థులకు ఇచ్చునప్పుడు ప్రార్థనకు కూర్చుండవలెనను షరతు పెట్టరాదు. డిసెంబరులోనే గాక, పనులు దొరకని వేసవిలో కూడ సంఘపు పెట్టె తెరచియుండవలెను.

లూకా 14:12–14లో ప్రభువు బీదలకు పొట్లము పంపుమని చెప్పలేదు, విందుకు పిలువుమని చెప్పెను. పిలువబడినవాడు మనతో ఒకే పంక్తిలో కూర్చుండును. రేపు అతడు మనలను పిలిచినప్పుడు అతని ఇంటికి వెళ్లి అతని అన్నము తినుటకు కాపరి సిద్ధపడియున్నాడా అనునదే మన క్రిస్మస్ దానమునకు పరీక్ష.