ఝరాసంగం హాల్ట్

ఝరాసంగానికి రైలు లేదు. వికారాబాద్ నుంచి బయలుదేరిన బండి జహీరాబాద్ దాకా వచ్చి బీదర్ వైపు సాగిపోతుంది. 1930ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ రైల్వే వేసిన బ్రాడ్ గేజి దారి అది. శివరాత్రికి కేతకి సంగమేశ్వరుణ్ణి చూడవచ్చే జనం జహీరాబాద్‌లో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాల్సిందే. మరి అక్కణ్ణుంచి గుడి దాకా ఓ చిన్న రైలు పడి ఉంటే? ఈ మాట నాయకుడు అంటే హామీ అవుతుంది. మోడల్ రైళ్లు కట్టేవాడు అంటే మాత్రం ప్లైవుడ్ కొలతలు తీయడం మొదలవుతుంది.

ప్రపంచమంతటా మోడల్ రైళ్లవాళ్లకు ఈ ‘పడి ఉంటే’ పాత అలవాటే. ఎడిన్‌బరోలో పి. డి. హాన్‌కాక్ అనే ఆయన క్రెయిగ్‌షైర్ అని లేని జిల్లానే కల్పించి, అందులో క్రెయిగ్ అండ్ మెర్టన్‌ఫర్డ్ అనే నారోగేజి రైలు నడిపాడు. ఆయన బోర్డు మీద కట్టిన ఆ మోడల్ లేఅవుట్‌ను చూసి ఈ పనిలోకి దిగినవాళ్లు ఎందరో. అయితే ఊహా రైలు తేలిక అనుకుంటే పొరపాటు. ఉన్న స్టేషన్‌ను కడితే ఫొటో చూపించి తప్పించుకోవచ్చు. లేనిదాన్ని కట్టినవాడు ప్రతి మలుపుకూ జవాబు చెప్పాలి: ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఏం మోసి బతికింది, ఎందుకు మూతబడింది?

ఝరాసంగం రైలుకు ఆ జవాబులు వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. లాతూరు చాలు. జహీరాబాద్ మీదుగా పోయే దారే ముందుకెళ్లి లాతూర్ రోడ్ స్టేషన్‌ను తాకుతుంది. ఆ లాతూరు ఒకప్పుడు నిజాం రాజ్యంలోనిది. అక్కడికి 1911లోనే రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద బార్సీ లైట్ రైల్వే వచ్చింది. ఆ రైలు వెనకున్న మనిషి ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు. చిన్న రైలంటే పెద్ద రైలుకు చవక నకలు కాదని ఆయన వాదం. ఇంజన్ అయినా వ్యాగన్ అయినా ఒక్కో ఇరుసు మీద పడే బరువు అయిదు టన్నులు దాటకూడదన్నాడు. బరువు అంతటా సమానంగా పడితే గజానికి 30 పౌన్లు, అంటే మీటరుకు సుమారు 15 కిలోల సన్నపట్టా సరిపోతుందని లెక్క తేల్చాడు. ఇప్పటి ప్రధాన మార్గాల్లో వేసే పట్టా మీటరుకు 60 కిలోలు.

ఆ బండ్లను ఇక్కడికి పంపేముందు కాల్‌త్రాప్ ఇంగ్లండులో లీడ్స్ దగ్గర న్యూలే అనే చోట ప్రత్యేకంగా పట్టాలు వేయించి ఇంజనీర్లకు నడిపి చూపించాడు. 1897లో బార్సీ దగ్గర అసలు రైలు కూత పెట్టకముందే ఆ చిన్న రైలు ఒక ప్రదర్శనలో నిలబడి నెగ్గిందన్నమాట. (తర్వాత ఈ పెద్దమనిషి పారాచూట్‌లు కనిపెట్టే పనిలో పడ్డాడు. చిన్న రైళ్ల మీద మోజున్నవాళ్లు ఒక్క పిచ్చితో ఆగరు.)

ఇక గిరాకీ సంగతి. బార్సీ కంపెనీ 1906లో పండరీపురానికి శాఖ వేసింది. విఠోబా భక్తులే దానికి బలం. కాబట్టి సంగమేశ్వరుడి భక్తుల కోసం జహీరాబాద్ నుంచి అదే గేజిలో ఓ కొమ్మ వచ్చేదని ఊహించడానికి పెద్దగా మొండితనం అక్కర్లేదు. ఏడాదిలో కొద్దిరోజులు కిక్కిరిసే యాత్రికుల రైలు మిగతా కాలమంతా ఏం మోయాలి? చెరకు, ఆలుగడ్డ, అల్లం, జొన్న, కంది. చెరకుతో పెట్టెలు నింపి, వెనకాల ఒకే ఒక్క ప్రయాణికుల పెట్టె తగిలిస్తే ఆ ప్రాంతపు మిశ్రమ బండి తయారు. ఈ కాలమ్ రాసేవాడి దృష్టిలో ఇంజన్ రంగు కన్నా ఈ పెట్టెల క్రమం ముఖ్యం. పెట్టెల్లో ఏముందో తెలిస్తేనే ఊరు తెలుస్తుంది.

కొలతల దగ్గరికొస్తే భారతీయ మోడల్ కళాకారుడికి చిన్న గేజి ఒక వరం. బజారులో దొరికే మోడల్ పట్టాల్లో ఎక్కువ చెలామణి అయ్యేవి రెండు వెడల్పులవి: 16.5 మిల్లీమీటర్లు, 9 మిల్లీమీటర్లు. అసలును 87వ వంతుకు కుదించే హెచ్‌వో స్కేలు తీసుకుంటే, 1676 మి.మీ. ఉన్న మన బ్రాడ్ గేజి 19.3 మి.మీ. అవుతుంది. దొరికేదేమో 16.5. అది యూరప్, అమెరికాల్లో నడిచే 1435 మి.మీ. గేజికి సరిపోయే కొలత. అంటే దక్కన్ క్వీన్‌నో గోదావరి ఎక్స్‌ప్రెస్‌నో ఎంత శ్రద్ధగా కట్టినా పట్టాల దగ్గరికొచ్చేసరికి పరదేశి అయిపోతుంది. అదే 762 మి.మీ. నారోగేజిని 87తో భాగిస్తే 8.76. చేతిలో ఉన్న 9 మి.మీ. పట్టాకు తేడా పావు మిల్లీమీటరు. పెద్ద రైలు విషయంలో సర్దుకుపోవాల్సినచోట చిన్న రైలు నిజాయితీగా నిలబడుతుంది.

అందుకే రెండు గేజిలూ కలిసే స్టేషన్ కట్టేవాడికి అసలు పరీక్ష. తెలుగునాట దానికి నిజమైన ఉదాహరణ శ్రీకాకుళం జిల్లా నౌపడ. కలకత్తా–మద్రాసు ప్రధాన మార్గం పక్కనే ఉప్పు మడుల మధ్య నుంచి పర్లాకిమిడికి 40 కిలోమీటర్ల చిన్న లైను 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పర్లాకిమిడి రాజావారు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో వేయించారు. ఆ ఊళ్లో గిడుగు రామమూర్తి పాఠాలు చెబుతున్న రోజులవి. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పోయే ఆ బండి మొదటి పదేళ్లూ నష్టాలే చూసింది. తర్వాత కాస్త కోలుకుంది. 1929, 1931 సంవత్సరాల్లో రెండు విడతలుగా గుణుపూర్ దాకా సాగి 90 కిలోమీటర్లయింది. 2004 జూన్‌లో ఆగిపోయి, 2011లో బ్రాడ్ గేజి వేషంలో తిరిగొచ్చింది.

నౌపడ కట్టాలనుకునేవాడు ఒక పక్క పెద్ద గేజి, మరో పక్క చిన్న గేజి చూపించాలి. అసలులో పెద్దది చిన్నదానికి 2.2 రెట్లు. బజారు పట్టాలు 16.5, 9 పక్కపక్కన పెడితే 1.8 రెట్లే. లెక్క తెలియనివాడి కంటికి కూడా ఏదో తేడా కొడుతుంది. దీనికి మందు ఉంది. పెద్ద గేజిని ఒక్క సైడింగ్‌కు (పక్క పట్టాకు) పరిమితం చేసి, పట్టాలను విడిగా కొని 19.3 మి.మీ. వెడల్పున చేత్తో వేసుకుని, దాని మీద కదలని వ్యాగన్ ఒకటి నిలబెట్టడం. నడిచేది చిన్నది, నిలిచేది పెద్దది. సరుకు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతున్నట్టు నలుగురు హమాలీలను పెడితే ఆ స్టేషన్ ఎందుకుందో చూసేవాడికి అర్థమవుతుంది. ఆ హమాలీల ఎత్తు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు.

నౌపడ ఉప్పు కుప్పలకు అసలు ఉప్పు వాడకూడదు. చెమ్మ పీల్చి పట్టాలకు తుప్పు తెస్తుంది. ముగ్గుపిండి శ్రేష్ఠం. కంకర కోసం సన్న ఇసుకను టీ జాలిలో జల్లించాలి. అసలు కంకర రాయి అయిదు సెంటీమీటర్లయితే మోడల్‌లో అర మిల్లీమీటరుకు కొంచెం పైన. ఇసుక పరిచాక నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి డ్రాపర్‌తో వదిలితే జిగురు ఇసుకలోకి ఇంకుతుంది. సబ్బు చుక్క లేకపోతే బొట్టు పైనే నిలిచి ఇసుకను తోసేస్తుంది. చెరకు తోటకు జనపనారను మూడున్నర సెంటీమీటర్లకు కత్తిరించి ఆకుపచ్చ రంగులో ముంచాలి. ఇదంతా కిరాణా కొట్టు, స్టేషనరీ షాపు సరుకే. దూరం నుంచి రావలసింది పట్టాలు, చక్రాలు, మోటారు మాత్రమే. ఇంజన్ కోసం చాలామంది 9 మి.మీ. పట్టాల మీద నడిచే ఎన్ గేజి ఇంజన్ అడుగుభాగాన్ని తీసుకుని, పైన ప్లాస్టిక్ షీటుతోనో త్రీడీ ప్రింటింగ్‌తోనో చిన్న రైలు ఒడలు తొడుగుతారు.

రంగు దగ్గర ఝరాసంగం వైపు నేల ఓ తిరకాసు పెడుతుంది. జహీరాబాద్–బీదర్ పీఠభూమి లాటరైట్ ఎరుపు. అక్కడి మట్టినే తెచ్చి బోర్డు మీద చల్లితే మరీ ఎర్రగా కనిపిస్తుంది. మీటరుకు కాస్త ఎక్కువ దూరం నుంచి చూసే మోడల్, అసలులో వంద మీటర్ల అవతలి దృశ్యంతో సమానం. అంత దూరాన రంగులు వెలుస్తాయి. అందుకని మట్టిలో కాస్త బూడిద రంగు కలపాలి. సొంత ఊరి మట్టి సొంత ఊరిలా కనిపించాలంటే దాన్ని కొంచెం అబద్ధం చేయక తప్పదు.

పట్టా ఎత్తు సంగతీ అంతే. మామూలుగా దొరికే సన్న మోడల్ పట్టా 1.4 మి.మీ. ఎత్తు ఉంటుంది. 87తో గుణిస్తే 12 సెంటీమీటర్లు. కాల్‌త్రాప్ వాడిన 30 పౌన్ల పట్టా అందులో మూడింట రెండు వంతులకు మించదు. కాబట్టి పట్టాలను సగం మట్టిలో, గడ్డిలో కప్పెయ్యడం మేలు. నిజమైన చిన్న లైన్లూ చివరి రోజుల్లో అలాగే ఉండేవి.

బరువు మాత్రం మనమాట వినదు. పొడవు 87వ వంతైతే ఘనపరిమాణం ఆరున్నర లక్షల్లో ఒక వంతు. ఆ లెక్కన 20 టన్నుల ఇంజన్ 30 గ్రాములు తూగాలి. 30 గ్రాముల వస్తువు నాలుగు పెట్టెలను లాగలేదు, దుమ్ము మీద చక్రానికి కరెంటూ సరిగా అందదు. అందుకే ఇంజన్ లోపల సందు దొరికినచోటల్లా సీసం ముక్కలు కూరతారు.

ఇదంతా కట్టి ఇంట్లో పెట్టుకుంటే సగం పనే. లేఅవుట్‌ను నలుగురి మధ్య నడపాలి. ఇలా పేర్చి చూపించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టి కింది మెట్టు మీద ఊరు పేర్చడం ఉంది. హైదరాబాద్ నుమాయిష్‌కు 1938 నుంచీ చరిత్ర ఉంది. జహీరాబాద్ పల్లెల్లోనైతే ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర బయలుదేరి, ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ఊరూరా తిరుగుతుంది. చూపించే వస్తువే జనం దగ్గరికి పోవాలన్న ఆ పద్ధతి చిన్న లేఅవుట్‌కు బాగా సరిపోతుంది. నాలుగడుగుల బోర్డు ఆటోలో పడుతుంది.

నాలుగడుగులంటే అసలు దూరంలో వంద మీటర్ల పైచిలుకు. నౌపడ–పర్లాకిమిడి దారంతా నిక్కచ్చి స్కేలులో వేయాలంటే 460 మీటర్ల బోర్డు కావాలి. కనక ఒక చిన్న హాల్ట్, ఒక లూప్, ఒక సైడింగ్ దగ్గర ఆగిపోవడమే తెలివి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండి స్కేలు ప్రకారం సెకనుకు ఆరు సెంటీమీటర్లు కదలాలి. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సెకన్లు. ప్రదర్శనల్లో ఎక్కువమంది దీన్ని రెట్టింపు, మూడింతల వేగంతో ఉరికిస్తారు. పిల్లలకు అదే ఇష్టమని సాకు చెబుతారు. నిదానంగా వచ్చి, ఆగి, ఒక పెట్టె వదిలి, మళ్లీ కదిలే బండి దగ్గర పిల్లలు ఇంకా ఎక్కువసేపు నిలబడతారని ఈ కాలమ్ రాసేవాడి పందెం. వాళ్లకు కనిపించాలంటే బోర్డు మూడడుగుల ఎత్తు దాటకూడదు. బోర్డు ఎత్తు పెద్దవాళ్ల సౌకర్యం చూసి పెడితే, ముందు వరసలో ఉన్న పిల్లవాడికి కనిపించేది ప్లైవుడ్ అంచే.

బండి చెరకు తోట వెనక్కి పోయి మాయమయ్యే చోట, చూసేవాళ్లకు కనిపించకుండా రెండు మూడు దారులు ఉంటాయి. బండ్లు అక్కడ వంతు కోసం కాచుకుంటాయి. కట్టేవాడి లెక్కలో అదే జహీరాబాద్.

ఇక ఝరాసంగంలోనే ప్రదర్శన పెడితే వచ్చే చిక్కు వేరు. నౌపడ మోడల్‌ను అక్కడ తప్పు పట్టేవాళ్లుండరు. గుడి, గుండం, జాతర అంగళ్లు ఎక్కడెక్కడో ఊరంతటికీ తెలుసు. కట్టేవాడు స్టేషన్‌ను ఎక్కడ పెట్టినా, అక్కడ కాదు ఇక్కడ ఉండాలి అనేవాళ్లు తప్పకుండా తేలతారు. ఒకరు గుడికి దగ్గరగా జరపమంటారు, మరొకరు బండి పొగ గోపురం మీద పడుతుందని దూరంగా నెట్టమంటారు. ఆ వాదనల్లోనే లేని రైలుకు సరైన దారి బయటపడుతుంది. కాబట్టి హాల్ట్ కట్టడాన్ని ఫెవికాల్‌తో అంటించకుండా, బోర్డు కింది నుంచి రెండు మరలతో బిగించి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్లడం మంచిది.