స్త్రీల చరిత్రకు ఒక బల్ల

కళాశాల గ్రంథాలయంలో స్త్రీల చరిత్ర ఒక్క బీరువాలో దొరకదు. డ్యూయీ వర్గీకరణ ప్రకారం స్త్రీల సామాజిక స్థితి 305.4లో, జీవిత చరిత్రలు 920లో, తెలుగు సాహిత్యం 894.827లో, తెలంగాణ సాయుధ పోరాటం 954లో ఉంటాయి. మార్చి 8 మహిళా దినోత్సవం సందర్భంగా పెట్టే పుస్తక ప్రదర్శన అసలు పని, ఇలా చెదిరి ఉన్నవాటిని కొన్నాళ్లు ఒకచోటికి చేర్చడం.

ప్రదర్శనలో తెలుగు పుస్తకాల వరుస బండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’తో మొదలుకావాలి. 1874లో పుట్టి 1905లోనే కన్నుమూసిన ఆమె బడి మెట్లెక్కకుండా చదువు నేర్చుకుని, స్త్రీల జీవిత కథలను ఓపికగా సేకరించి రాశారు.

అన్నిటికన్నా ఎక్కువ చోటు దక్కవలసింది ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’కు. 18వ శతాబ్దపు తంజావూరు ఆస్థాన కవయిత్రి కావ్యమది. 1887లో అచ్చయిన ప్రతిలో ఆమె తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలు లేవు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల ప్రచురణకర్తల ద్వారా పూర్తి పాఠం తెచ్చారు. మరుసటి ఏడు ఆ ప్రతిని ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో. కావ్యం ఒక్కటే పెడితే శృంగార ప్రబంధంగానే కనిపిస్తుంది. పక్కన నాగరత్నమ్మ పీఠికను తెరిచి ఉంచితే, ఒక స్త్రీ పేరును మరో స్త్రీ ఎలా కాపాడిందో విద్యార్థులు కళ్లారా చూస్తారు.

రాయని స్త్రీలకూ చోటుండాలి. స్త్రీశక్తి సంఘటన బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారు తమ తెలంగాణ సాయుధ పోరాట జీవితాన్ని తమ నోటితోనే చెప్పారు. 1924లో మొదలైన హైదరాబాద్ కోఠీ మహిళా కళాశాల ఇప్పుడు ఐలమ్మ పేరుతో విశ్వవిద్యాలయమైంది. అక్కడి పిల్లలకు ఆ పేరుతోపాటు ఆమె మాటా అందాలి. దళిత స్త్రీల రచనలను గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’ లేని వరుస అసంపూర్ణం.

ప్రదర్శనను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయడం సరికాదు. అడిగినవారికి పుస్తకాలు అప్పటికప్పుడే ఇవ్వాలి, ఖాళీ అయిన చోట మరొకటి పెట్టాలి. ప్రతి పుస్తకంతో రచయిత్రి కాలం, ఊరు, ఆ పుస్తకం ఎలా వెలుగు చూసిందో తెలిపే చిన్న చీటీ ఉండాలి. నెల ముగిశాక పుస్తకాలు దేని అరకు అది వెళ్లినా, వాటన్నిటినీ కలిపే విషయ శీర్షిక కేటలాగులో నిలిచి ఉంటే జూలైలో వెతికే విద్యార్థికీ అవి దొరుకుతాయి.