చిత్రదర్శనం: కళాప్రదర్శనశాలలు చెప్పే చదువు

భవభూతి ఉత్తరరామచరితంలో ప్రథమాంకానికి చిత్రదర్శనమని పేరు. రాముని పూర్వచరిత్రను చిత్రించిన ఆలేఖ్యాలను లక్ష్మణుడు సీతారాములకు వరుసగా చూపిస్తాడు. గర్భవతియైన సీతకు వినోదం కలిగించడమే అప్పటి ఉద్దేశం. ఊర్మిళ చిత్రాన్ని చూపి ఈమె ఎవరని సీత పరిహాసంగా అడిగితే, లక్ష్మణుడు సిగ్గుపడి పరశురాముని మీదికి మాట మళ్లిస్తాడు. మంథర దగ్గరకు రాగానే రాముడు బదులు పలుకక మరొక చిత్రం వైపు చూపు తిప్పుతాడు. జనస్థానవృత్తాంతం చూసేసరికి అతనికి కన్నీరు ఆగదు. అంతా చూసిన తరువాత సీతకు ఆ అడవులలో తిరిగి, గంగలో స్నానమాడవలెనని కోరిక పుడుతుంది. ఆమె పరిత్యాగానికి ఆ కోరికే నెపమౌతుంది. చిత్రశాలను ఇంత తీవ్రమైన స్థలంగా ఊహించిన నాటకకర్త మరొకడు అరుదు. అక్కడ చూసినవారు చూడకముందటివలె ఉండరు. చూపించేవానికి ఏది చెప్పవలెనో, ఎక్కడ ఊరకుండవలెనో తెలుసు.

ఈ కొలతతో నేటి కళాప్రదర్శనశాలలను కొలిస్తే నిలిచేవి కొద్ది. భారతదేశంలో ఈ సంస్థలు దొరతనంవారి సర్వేలతో, తవ్వకాలతో, పండితసంఘాల ఆసక్తులతో పుట్టినవి. కలకత్తాలో 1814లో, మద్రాసులో 1851లో అవి ఏర్పడినవి. ప్రజలు వాటికి తమ పేర్లు తాము పెట్టుకొన్నారు. లాహోరులో అది అజాయబ్ ఘర్, కలకత్తాలో జాదూఘర్. మద్రాసులో మాత్రం పేరు వేరు దారి పట్టింది. ప్రదర్శనశాల ఆవరణలోనే 1855లో జంతుశాల కూడ మొదలైనది గనుక, జంతువులున్నదానిని బతికిన కాలేజీ అని, బొమ్మలున్నదానిని చచ్చిన కాలేజీ అని సామాన్యజనం పిలిచారు. ఈ మాటను చమత్కారంగా చెప్పుకొనడమే తప్ప, అందులోని విమర్శను పట్టించుకొన్నవారు తక్కువ. అక్షరం రానివారు సైతం దానిని కాలేజీ అన్నారు. అక్కడ చదువేదో ఉన్నదని వారికి తోచింది. ఆ చదువు చచ్చినదని కూడ తోచింది.

ఆ చదువు ఏమిటన్న ప్రశ్నను అందరికంటె నిష్కర్షగా వేసినవాడు ఆనంద కుమారస్వామి. 1917 నుండి బోస్టను మ్యూజియంలో పనిచేసిన ఆయన, కళావస్తువులను ప్రదర్శించడం ఎందుకని 1941లో అమెరికా మ్యూజియంల సంఘం ముందే నిలదీసినాడు. ఆ వస్తువులు అద్దాల బీరువాలకోసం పుట్టలేదు. అవి పూజకో, పంటకో, వంటకో, ఒక అవసరానికి పుట్టినవి. ఆ అవసరమేదో, దాని వెనుక ఉన్న భావమేదో చెప్పక, రూపం అందంగా ఉన్నదని మెచ్చుకొని పొమ్మనడం విద్య కాదు, కాలక్షేపమని ఆయన వాదం. ఈ వాదంలో సత్యం పాలు చాల ఎక్కువ. అయితే అనుభూతిని అనుమానించడంలో ఆయన హద్దు మీరినాడని కూడ చెప్పవలె. రాముడు కన్నీరు పెట్టిన తరువాతనే చిత్రానికి అర్థం సిద్ధించింది. తెలియడం, కరగడం వేర్వేరు పనులని భవభూతి ఎన్నడూ అనుకోలేదు.

అమరావతి స్తూపశిల్పాన్ని ఉదాహరణగా తీసుకొంటే విషయం స్పష్టపడుతుంది. మద్రాసు ప్రదర్శనశాలలో నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ చెక్కిన గుండ్రని ఫలకమొకటి ఉన్నది. దానిలో ఏనుగు రెండుసార్లు కనబడుతుంది. ఒకచోట మదమెక్కి వీధిలో మనుషులను తొక్కి విసరుతున్నది. ఆ ప్రక్కనే, నడుమ గీటైనా లేకుండ, బుద్ధుని పాదాల ముందు మోకరిల్లినది. మేడ కిటికీలలోనుండి జనం తొంగి చూస్తున్నారు. భయపడిన స్త్రీ ప్రక్కవారిని పట్టుకొన్నది. ఒకే ఏనుగు రెండు క్షణాలలో ఉన్నదని తెలియనివాడు రెండు ఏనుగులను లెక్కపెట్టి ముందుకు నడుస్తాడు. తెలిసినవాడు మాత్రం ఎడమనుండి కుడికి కథనే చదువుతాడు, నడుమనున్న మార్పు తన కంటిలోనే జరిగిందని గ్రహిస్తాడు. ఈ తెలివి ఒక్క వాక్యంలో ఇవ్వదగినది. శతాబ్ది, రాతిజాతి, దొరికిన ఊరు మాత్రమే చెప్పే పలక ఆ వాక్యాన్ని చెప్పదు.

ఆ రాళ్ల చరిత్ర కూడ పాఠమే. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరినవి. వాటిలో అధికభాగం 1859లో ఓడలమీద లండను వెళ్లినవి. అక్కడ కొంతకాలం ఎండకు, మంచుకు విడువబడి, 1880లో బ్రిటిషు మ్యూజియం పాలైనవి. వాటిలో ఒక ఫలకం రెండు ముఖాలా చెక్కినది. పాతకాలపు ముఖంమీద బోధివృక్షపు పూజ ఉన్నది; కొన్ని శతాబ్దాల తరువాత దానినే తిరగవేసి, వెనుకవైపున పూర్తి స్తూపాన్ని చెక్కినారు. అమరావతి స్తూపం ఎట్లుండెనో ఊహించడానికి ఆ స్తూపమే ఆధారం. రాతిని గోడకు ఆనించి నిలబెట్టితే ఈ రెండు కాలాలలో ఒకటి మాయమౌతుంది. వస్తువును ఎట్లా నిలబెట్టినారన్నదే సగం వ్యాఖ్యానమన్నమాట.

ఈ శిల్పాలకు సరియైన వ్యాఖ్యాత శ్రీ సి. శివరామమూర్తి. మద్రాసు ప్రదర్శనశాలలోని అమరావతి శిల్పాలపై ఆయన గ్రంథం 1942లో వెలువడినది. సంస్కృత ప్రాకృత కావ్యాలలోని వస్త్రాలకు, ఆభరణాలకు, వాద్యాలకు రాతిలో రూపం వెదకి, తన చేతితో రేఖాచిత్రాలు వేసి, కావ్యాన్ని శిల్పంతోను, శిల్పాన్ని కావ్యంతోను చదివించినాడు. నిఘంటువు పర్యాయపదంతో సరిపెట్టే ఒక కేయూరాన్నో, కంచుకాన్నో ఆయన గీత కంటికి చూపుతుంది. ఆ గ్రంథం ఆంగ్లంలో ఉండడం తెలుగువారి దురదృష్టం. తెలుగులో అమరావతి అనే మాట ప్రశస్తివాక్యాలలో విరివిగా దొర్లుతుంది. ఒక్క ఫలకాన్ని నిలిచి చూసి రాసిన వాక్యాలు మాత్రం వేళ్లమీద లెక్కింపదగినవి.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాల సంగతి మరొక తీరు. 1951లో తెరిచిన ఆ శాలకు 1961లో జాతీయ ప్రాముఖ్యం లభించినది. గంటగంటకూ గడియారపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే వేళకు అక్కడ జనం గుమిగూడుతారు. దానిని చులకన చేయడం పండితులకు పరిపాటి. నిజానికి ఒక వస్తువును ఓపికతో కనిపెట్టుకొని, అది చలించే క్షణంకోసం అందరూ కలిసి ఎదురుచూడడం చూడడంలో మొదటి పాఠమే. ముసుగు రెబెక్కా ముందు పాలరాతిలో వలువ ఎట్లా పలుచనైనదని విస్తుపోవడం రెండవ పాఠం. మూడవ పాఠానికి చేయి పట్టుకొని తీసుకువెళ్లేవారు కావలె. లోపం జనంలో లేదు.

ఆ చేయి రచయితది కావలెననడానికి భాషాపరమైన కారణం కూడ ఉన్నది. తెలుగు పదాలలో మొదటిదిగా చెప్పుకొనే నాగబు అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించినది అమరావతి రాతిమీదనే. ఆ స్తూపపు ప్రాకృత శాసనాలలో దాతల పేర్లు అనేకం ఉన్నవి. వారందరూ రాజులు కారు, గృహస్థులున్నారు, భిక్షుణులున్నారు. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకమొకటి సమర్పించినాడు. పూర్ణఘటమంటే ఏ తెలుగింటికీ కొత్త కాదు. పెళ్లిలోను, దేవాలయ స్వాగతంలోను కనబడే పూర్ణకుంభమే అది. పలనాటి సున్నపురాయి అన్న మాట రాసిన చోటనే విధికుని పేరు, అతని వృత్తి, ఆ కుంభం పేరు తెలుగులో రాయడానికి రెండు పంక్తులకంటె ఎక్కువ స్థలం పట్టదు.