తెర మీద మన యాస

‘ఆయప్ప వచ్చిండాడు’ అని నేనంటే, మా అమ్మాయి చిన్నప్పుడు ‘వచ్చారు అనాలి నాయనా’ అని దిద్దేది. ఆనేకల్‌లో తనకు తెలుగు బడి లేదు. 1995లో మొదలైన ఈటీవీ, జెమినీలే బడి. వాటిలో మన యాస ఎక్కువగా హాస్యగాళ్లకే దక్కేది.

2021 డిసెంబరులో ‘పుష్ప’లో అల్లు అర్జున్ చిత్తూరు యాస మాట్లాడగానే ఆ అమ్మాయే మురిసిపోయింది. నాకూ సంతోషమే. కాని ఆ నాయకుడు ఎర్రచందనం దొంగ.

అదే యేడు మేలో నెట్‌ఫ్లిక్స్‌లో ‘సినిమా బండి’ వచ్చింది. ఆటో నడుపుకునే పల్లెటూరి మనిషి, దొరికిన కెమెరాతో ఊరివాళ్లను కూడగట్టి సినిమాకు పూనుకుంటాడు. మనకు బాగా దగ్గరి మాట. మా వీధిలో చూసినవాళ్లు ఇద్దరే.

గొడ్డలి పడితేనే మన యాసకు చప్పట్లా? తప్పు తెరదొక్కటే కాదు.