ఆషాఢపు వానలో డప్పు

ఆషాఢమున మేఘములు క్రమ్మి, శామీర్‌పేట చెరువుగట్టు తడిసి, మేడ్చల్ మొదలు తూంకుంట వరకుగల ఊళ్లలో స్త్రీలు బోనములెత్తి వేపమండలతో అమ్మవారి గుడికి కదలు వేళ, ఊరేగింపునకు ముందు నడచువారు వీధిమూలను ఒకింత నిలిచి, ఎండుగడ్డి మంటవేసి, తమ డప్పులను దానిపై త్రిప్పి త్రిప్పి కాచుట చూచినవారికి, ఈ వాద్యమునకు శ్రుతిచేయు పరికరము నిప్పేయని తెలియును. తోలు తేమను పీల్చి సడలును; వేడి సోకగా ఆ తేమ ఆవిరియై పోయి, తోలు బిగిసి, నాదము హెచ్చును. నడుమ నడుమ పుల్లతో తట్టి చూచి, ఖంగుమన్న పిమ్మటగాని వాదకుడు మంటను విడువడు.

మూరెడు వెడల్పుగల కర్రచట్రమునకు పచ్చితోలు సాగదీసి, వెనుక తోలువారులతో బిగించి ఆరబెట్టిన డప్పు చూపునకు అతిసామాన్యము. దాని విద్యయంతయు రెండు పుల్లలలో నున్నది. కుడిచేతిది పొట్టిది, లావైనది, సిర్ర. ఎడమచేతిది సన్నని పొడవాటి బద్ద, సిటికెన. సిర్ర నడుమ పడినపుడు గంభీరముగను, సిటికెన అంచున తాకినపుడు తీక్ష్ణముగను పలుకు ఈ రెండు ధ్వనుల అల్లికయే దరువు. పెండ్లికొకటి, చావుకొకటి, జాతరకొకటి యుండుటచే, ఇంటిలో కూర్చున్నవారు సైతము వీధిలోని వార్తను చెవితోనే చదువుకొందురు. చాటింపు వేయు దండోరా ఈ వాద్యముదే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆరంభమైన మాదిగల ఉద్యమము ఆ పేరునే ధరించినది.

మృదంగమునకు, తబలాకు నడుమనుండు నల్లని పూతవలన వాని నాదమున స్వరసంవాదము కలుగుచున్నదని సి.వి.రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో విశదపరచెను. డప్పునకట్టి పూత లేదు గనుక దాని మ్రోత స్వరమై నిలువదు. దీనిని లోపముగా నెంచుట నాకు సమ్మతము కాదు. వేలమంది సందడిని చీల్చుకొని పోవలసిన వాద్యమునకు ఆ కరకుదనమే యోగ్యత.

1950 దశకము చివర అమెరికాలో డ్రమ్ములకు తోలు బదులు పాలియెస్టర్ పొర వ్యాపారమునకు వచ్చినది. అట్టి ప్లాస్టిక్ పొరయు, ఇనుపచట్రమును, బోల్టుల బిగింపును నేడు మన డప్పునకు సైతము వచ్చినవి. జడివానలో మంట రగులనిచోట అవి చేయు ఉపకారము గొప్పది. కిలోమీటర్ల కొలది మోయు భుజములకు బరువెంతయో తెలిసినవాడెవ్వడును వానిని తూలనాడడు. అయినను నా చెవికి అందు సిర్ర, సిటికెనల పలుకులు ఒకదానికొకటి దగ్గరైపోయి, దరువులోని సంభాషణ సన్నగిల్లినట్లు తోచును. అంతేకాక, తోలు నానవేసి, గీకి, ఆరబెట్టి, ఏ భాగము ఎంత పలుచనో వ్రేలికొనతో నెరిగిన చేతులకు పని పోవుచున్నది. ఇది నన్ను మిక్కిలి బాధించును.

ఎల్లమ్మ కొలుపులలో బైండ్లవారి చేతనుండు జమిడిక మరియొక వింత. ఒకవైపు తోలుమూసిన పాత్రవంటి దాని నడుమనుండి నరమొకటి సాగును. పాత్రను చంకనిరికించి, నరపు కొనను ఎడమ పిడికిట లాగిపట్టి, కుడిచేత మీటుదురు. కన్నడదేశమున ఎల్లమ్మ భక్తుల చౌడికె దీనికి తోబుట్టువు. డప్పు బిగువు మంటకడ నిర్ణయమై పోవును. జమిడిక బిగువు వాదకుని పిడికిటనే యుండి, క్షణక్షణము మారును. పిడికిలి బిగించిన శ్రుతి పైకెగయును, వదలిన క్రిందికి జారును. కథకుడు ఎల్లమ్మ వృత్తాంతములో ఒక చరణము పాడి ఆగినంతనే, ఆ నరము ఏడ్చునట్లొకసారి, నవ్వునట్లొకసారి బదులు పలుకుచుండగా, ఎదుట కూర్చున్న ముసలమ్మలు మనిషికి ఊకొట్టినట్లే దానికిని ఊకొట్టుదురు.