ఆకురాయి పట్టని చెయ్యి

అమెరికాలో తాతల నుంచి మనవళ్లకు దక్కే వస్తువుల్లో మార్లిన్ మోడల్ 60 ఒకటి. 1960లో వచ్చిన పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ఏళ్లపాటు అటకమీద పడున్నాక తూటా సగం ఎక్కి ఇరుక్కుంటుంది. మనవడు తూటాలను తిడతాడు. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ఎవరినీ తిట్టడు. లోపల తూటా లేదని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. మ్యాగజైన్ స్ప్రింగు నీరసించిందా, దాని ఇత్తడి గొట్టం సొట్టపోయిందా, తూటా ఎక్కే దారిలో మైనం, మసి, ఎండిన నూనె కలిసి బంకలా గడ్డకట్టాయా? చాలాసార్లు ఆ మురికే దొంగ. ఆకురాయితో రెండు రుద్దులు రుద్దుదామని చెయ్యి దురదపెట్టినా ఆగడమే, నా దృష్టిలో, అసలు పనితనం. అరగదీసిన ఇనుము తిరిగి రాదు మరి! కడిగి, చుక్క నూనె వేసి, డమ్మీ తూటాలతో ఆడించి చూస్తాడు. బిల్లులో మాత్రం "శుభ్రం చేయడమైనది" అని ఒక్క ముక్కే ఉంటుంది.