మొదటి వేషం

ఈ వారం ఒక తల్లి ఫోన్ చేశారు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఎవరో ఫొటోలు చూసి, ‘మీ పాపలో కళ ఉంది, వెబ్ సిరీస్‌లో చెల్లెలి వేషం ఖాయం, పోర్ట్‌ఫోలియోకీ శిక్షణకీ కలిపి 40 వేలు కట్టండి’ అన్నారట. సగం కట్టేశారు. మిగతా సగం కట్టాలా వద్దా అని ఆవిడ ప్రశ్న. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఈ శీర్షిక క్రమం తప్పకుండా చదివేవాళ్లకు నా మాట కంఠతా వచ్చే ఉంటుంది: వేషం ఇచ్చేవాడు డబ్బిస్తాడు, పుచ్చుకోడు. నిజంగా మనిషి కోసం వెతికేవాళ్లకు కావలసింది రంగులద్దిన ఆల్బమ్ కాదు. మేకప్ లేని రెండు ఫొటోలు, పేరూ ఊరూ చెప్పి నాలుగు మాటలు మాట్లాడిన చిన్న వీడియో చాలు. ఇంట్లో ఉన్న ఫోనే అందుకు సరిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఆ తల్లికి చెప్పాను. 14 ఏళ్ల లోపు పిల్లల విషయంలో చట్టం కొంత గట్టిగానే ఉంది. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, 3 గంటలకు మించి విరామం లేకుండా ఉంచకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో వెయ్యాలి. 2017లో వచ్చిన నిబంధనలివి. కానీ ఇవి 14 దాటినవాళ్ల కోసం రాసినవి కావు. పదహారేళ్ల పిల్లకు సెట్టులో కాపలా తల్లో తండ్రో. కాగితం మీద సంతకం పెట్టేముందు ప్రతి పంక్తీ చదవవలసిందీ వాళ్లే.

ఇక నా రెండో పాత పాట. నటించాలనే పిల్లలు కెమెరా ముందుకు పోయే ముందు స్టేజి పక్క వింగులోకి వెళ్లాలి. వేషం కట్టేలోపు కొన్నాళ్లు, నటులు మరిచిన మాట అందించే ప్రాంప్టింగు చెయ్యాలి. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు.

మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో ‘హరిశ్చంద్ర’ వేసే రోజుల్లో నాకు పదిహేనేళ్లు. గొంతు బొంగురుపోతున్న వయసు. లోహితాస్యుడికి పెద్దవాణ్ణి, నక్షత్రకుడికి చిన్నవాణ్ణి. హార్మోనియం మాస్టారు నాటకం పుస్తకం నా చేతికిచ్చి, పెట్రోమాక్స్ వెలుగు పడేచోట వింగులో కూర్చోబెట్టారు. పద్యం ఎవరూ మరిచిపోరు, రాగం ఎత్తుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి. తడబడేదంతా పద్యానికీ పద్యానికీ మధ్య వచ్చే వచనంలోనే. హరిశ్చంద్రుడు వేసేది పక్కూరి రైతు. నాటకానికి ముందురోజు నన్ను పక్కకు పిలిచి చెప్పారు: “ఒరే అబ్బాయ్, నేనాగినప్పుడల్లా అందించకు. నా కాలు చూడు. మడమ నేలకు ఆని ఉంటే నేను ఊపిరి తీసుకుంటున్నానని. బొటనవేలు పలకను గీకుతోందనుకో, మాట పోయిందని. అప్పుడందించు. మాటంతా వద్దు, మొదటి అక్షరం చాలు.”

ఆ రాత్రంతా నేను ఆయన పాదాలే చూశాను. కాటిసీనులో ఆయన ఎంతసేపు ఆగినా మడమ కదల్లేదు. పందిరి మొత్తం ఊపిరి బిగబట్టింది. అటుపక్క చంద్రమతి. ఆ వేషం వేసేది ఊళ్లో బట్టలు కుట్టే ఆయన. తన మాట వచ్చేదాకా ఊరికే నిలబడేవారు కాదు. ఎదుటివాడి మాట ఒక్కొక్కటీ చెవిన పడుతున్న కొద్దీ ఆయన చెయ్యి పిల్లవాడి మీద కప్పిన గుడ్డను సర్దుతుండేది. కొన్నిచోట్ల ఆ చెయ్యి సగంలో ఆగిపోయేది. ఆ మాటలు ఏళ్ల తరబడి వింటున్నవే అయినా, అప్పుడే మొదటిసారి విన్నట్టుండేది. నటించడంలో సగం వినడమేనని నాకు అక్కడ తెలిసింది. అక్కడ కూర్చోనివాడికి అది ఎంత చెప్పినా తలకెక్కదని నా నమ్మకం.

ఇంత నమ్మినవాణ్ణి, ఆ తల్లికి ‘ముందు వింగులో కూర్చోబెట్టండమ్మా’ అనే చెప్పాలి. చెప్పలేదు.

ఎందుకంటే, వింగు ఏదీ? ఇంటర్ కాలేజీల్లో పొద్దుట మొదలైన చదువు రాత్రి స్టడీ అవర్స్‌తో గానీ ముగియదు. పరిషత్తు పోటీలకు వచ్చే సమాజాలు చాలావరకు ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే పెద్దవాళ్లవి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకైనా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల పీజీకైనా డిగ్రీ ఉండాలి. పదహారేళ్ల పిల్లకు తెరిచి ఉన్న తలుపు లేదు. అందుకే ఆ 40 వేల తలుపు తెరుచుకుని కూర్చుంది.

రెండో కారణం ఇంకా పెద్దది. ఆ అమ్మాయి గది తలుపు వేసుకుని డైలాగులు చెప్పుకుంటుందట, ఎవరైనా వింటున్నారని తెలిస్తే ఠక్కున ఆపేస్తుందట. అలాంటి పిల్లను పుస్తకం ఇచ్చి పక్కన కూర్చోబెడితే ఆ పక్కనే ఉండిపోతుంది. తనకు కావలసింది నలుగురి చూపు, అదీ ఇప్పుడే, నడిమధ్యన నిలబడి. మన పెద్ద నటుల్లో ఎందరికో ఆ వయసులో దొరికింది అదే. స్త్రీలు రంగస్థలం మీదికి అరుదుగా వచ్చే కాలంలో అక్కినేని కుర్రతనంలోనే ఆడవేషాలు కట్టి నాటకాన్ని భుజాన మోశారు. 1944లో ‘సీతారామ జననం’ సినిమాలో రాముడయ్యేనాటికి ఆయన వయసు ఇరవై ప్రాంతం. జమున దుగ్గిరాలలో బడి చదువుతూనే నాటకాలాడారు. గరికపాటి రాజారావు ఆమెకు మొదటి సినిమా వేషమిచ్చిన ‘పుట్టిల్లు’ వచ్చింది 1953లో. అప్పటికి ఆమెకు పదిహేడు నిండలేదు. వీళ్లెవరినీ ‘ముందు నేర్చుకో, తరవాత ఎక్కుదువుగాని’ అంటూ కింద ఆపలేదు.

అందుకని ఆవిడతో అన్నాను: మిగతా సగం కట్టకండి, కట్టింది తిరిగివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఈ సెలవుల్లో పాప స్నేహితులు నలుగురైదుగుర్ని మీ మేడమీదికి పిలవండి. ‘కన్యాశుల్కం’ కొని ఇవ్వండి. మొత్తం వద్దు, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో గిరీశం, బుచ్చమ్మ మాట్లాడుకునే ఒక్క సీను. సాయంత్రం ఓ గంట. చివర్లో అపార్ట్‌మెంటువాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. పాపకు బుచ్చమ్మే ఇవ్వండి, చిన్న వేషం ఇవ్వకండి.

బుచ్చమ్మనే ఎందుకు చెప్పానో ఆవిడ అడిగారు. గిరీశం మాటల ప్రవాహంలో ఆమెకు దొరికే చోటు కొంచెమే. మిగతాదంతా వినాలి. అతను చెప్పేదాంట్లో ఏ మాటకు ఆశ పుట్టిందో, ఏ మాటకు భయం వేసిందో నోరు విప్పకుండా చూసేవాళ్లకు తెలియాలి. గిరీశం భాగం కూడా పాపే కంఠస్థం చెయ్యాలన్నాను. రిహార్సల్లో అతను తడబడితే, బుచ్చమ్మగా నిలబడే, పెదవి పెద్దగా కదలకుండా, మొదటి అక్షరం తనే అందించాలి.